ఇల్లు రిజిస్టరైన రోజు

సంవత్సరం తప్పు అన్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు గుమస్తా. అద్దం కింది సందులోంచి దరఖాస్తును వెనక్కి తోసి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, చెడ్డ కబుర్లు చెప్పడం అలవాటైపోయినా ఇంకా ఇష్టం పుట్టని మనిషిలా ఆమె వంక చూశాడు.

"మీరు రాసిన ఏడాది పుస్తకంలో మీ నాన్నగారి పేరు లేదమ్మా. మీ మొహం చూసి అటు ఏడూ ఇటు ఏడూ కూడా తిరగేశాను. లేదు."

"ఇవాళే ఆఖరి రోజండీ. సాయంత్రం లోపల రోడ్డు వెడల్పు చేసే ఆఫీసులో నకలు చూపించకపోతే ఇల్లు కొట్టేస్తారు."

"తెలుసమ్మా. పొద్దున్నుంచీ మీ వీధి వాళ్ళే వస్తున్నారు. ఇప్పుడిక ఏడు ఒక్కటీ చాలదు, టైము లేదు, తారీఖు చెప్పండి, వెంటనే తీసి నకలు చేయిస్తాను. ఏదీ తెలీకుండా వెతకమంటే ఆ గదిలో ఉన్న పుస్తకాలన్నీ దించాలి, ఈ జన్మకి తెమలదు. సార్ ఇంకో గంటలో వెళ్ళిపోతారు. అలా కూర్చుని ఆలోచించండి."

కూర్చుని ఆలోచించండి. ఆమె కూర్చుంది. గోడ వారగా వేసిన చెక్క బల్ల, దాని మీద ఎన్ని వేలమంది కూర్చుని లేచారో, నడుములానే చోట గోడ రంగు పోయి నున్నగా అయిపోయింది. ఆలోచించండి అంటే ఆలోచన వస్తుందా, నీళ్ళు తోడండి అన్నట్టు? తను రాసిన ఆ ఏడాది కూడా ఆలోచించి రాసింది కాదు, ఇంట్లో ఉన్న పాతవాటన్నిటిలోకీ పాతదైన కరెంటు బిల్లు చూసి, ఆ ఏడాదే అయ్యుంటుందిలే అని రాసేసింది, అయ్యుంటుందిలే అనుకునే కదా బతుకంతా నడిచింది, పెళ్ళి నిలబడుతుందిలే అనుకుంది, అది పెటాకులై ఓ పెట్టెతో వచ్చి ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడితే అమ్మ ఒక్క మాట అడగకుండా పెట్టె అందుకుని, కాళ్ళు కడుక్కో అంది. ఆ గుమ్మం. రోడ్డు వాళ్ళు టేపు పట్టుకుని వచ్చిన రోజు ఆ గుమ్మం పక్క గోడ మీదే ఎర్ర రంగుతో గీత గీశారు, గీత పక్కన ఓ బాణం గుర్తు. కాగితాలుంటే గీత దాకా కొడతాం, మిగతాది మీది, కాగితాలు లేకపోతే ఆక్రమణ కింద లెక్క, మొత్తం పోతుంది అన్నాడు వాళ్ళలో పెద్దాయన, వాన కురుస్తుందన్నంత మామూలుగా. లోపలి గదిలో మంచం మీద పడుకుని తలుపులోంచి చూస్తున్న అమ్మ తలైనా ఎత్తకుండా, గీత తిన్నగా గీయడం కూడా రాదు గానీ ఇళ్ళు కూలుస్తారట అంది. గీత గీస్తున్న కుర్రవాడు నవ్వాపుకోలేక బ్రష్షు జార్చుకున్నాడు. కాగితాలుంటే. ఉండకేం, అటక మీద రేకు పెట్టెలో, పెట్టెలో ప్లాస్టిక్ సంచిలో, సంచికి తాడు కట్టి, నాన్న ఉన్నప్పటి ముడి అలాగే ఉంది, పెట్టె దించి ముడి విప్పుతుంటే నాన్న చేతులే గుర్తొచ్చాయి, తాడు విప్పి సంచిలో చెయ్యి పెడితే వేళ్ళకి మట్టి తగిలింది. చెదలు. పెట్టె అడుగున తుప్పు కన్నంలోంచి సంచిలోకి వచ్చి, పైకి కాగితంలా కనిపిస్తున్న దాన్ని లోపలంతా తినేసి డొల్ల చేశాయి, పట్టుకోగానే పొడి పొడిగా రాలిపోయింది, మిగిలిందల్లా ఓ మూల, దాని మీద సగం ముద్ర.

ఆ మూల ముక్కని జేబురుమాలులో మడిచి తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి తీసుకుపోయింది. కళ్ళద్దాలు అరగదీసే మెషీను దగ్గర కూర్చుని, అద్దం అంచు చూసే భూతద్దం కింద పెట్టి చూసింది, అంకె ఏదైనా, ఒక్క అంకె. ఊరందరికీ చూపు సరిచేసి పెట్టే తనకి ఒక్క అంకె కనపడలేదు. సగం గుండ్రం, అందులో ఏదో ఆకు, దాని కింద ఒక అక్షరం తోక. ఓనరు వెనకనుంచి వచ్చి, ఏంటమ్మా అది, పురుగా అన్నాడు. అవునండీ పురుగే అంది. పోలీస్ స్టేషన్లో రైటరు అయితే, చెదల మీద కేసు పెట్టమంటావా అని పక్కవాళ్ళకి కూడా చెప్పి నవ్వి, చివరికి పోయినవి అని రాసుకున్నాడు. పేపర్లో ప్రకటన, పోయిన పిల్లి ఫోటో కింద, ఎవరికైనా అభ్యంతరం ఉన్నచో. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, ఎవరికుంటుంది, ఆ ఇంటి గురించి ఇద్దరు ఆడవాళ్ళకి తప్ప ఎవరికి పట్టింది. ఇన్ని గడపలు ఎక్కి దిగి ఇక్కడిదాకా వస్తే ఏడాది తప్పట. అమ్మని అడిగితే పోయేది కదా. అడిగింది, అడగకపోలేదు, ఇల్లు ఎప్పుడు కొన్నామమ్మా అని మామూలుగా, బట్టలు మడతపెడుతూ. ఎప్పుడో కొన్నాం, ఇప్పుడు దాంతో ఏం పని అంది అమ్మ, అంటూనే లేచి వంటింట్లోకి పోయి, కట్టేసి ఉన్న కొళాయిని ఇంకా గట్టిగా కట్టింది. మళ్ళీ అడగడానికి నోరు రాలేదు, అడిగితే కాగితాలేవీ అంటుంది. అప్పటికే అంటోంది. జిరాక్సుకిచ్చాను అని చెప్పింది తను. ఇన్నాళ్ళా జిరాక్సు, రాతి మీద చెక్కుతున్నారా ఏం అంది అమ్మ.

కిటికీ పైన గడియారం చప్పుడు చేయకుండా తిరుగుతోంది, దాని వంక చూడకూడదనుకుంటూనే చూసింది. ఎప్పుడు. ఎప్పుడు కొన్నారు. చిన్నప్పటి నుంచి ఆ ఇల్లే, కానీ మొదట్లో ముందు గదీ, వంటిల్లూ మాత్రమే వాళ్ళవి, మిగతా వాటాలో ఇంటాయన ఉండేవాడు, నెల మొదట్లో వచ్చి అద్దె కోసం ముందు గదిలో కుర్చీలో కూర్చునేవాడు, అడగడానికి మొహమాటపడి దగ్గేవాడు, ఆ దగ్గు విని నాన్న లోపలికి పోయి డబ్బు తెచ్చేవాడు. ఆ దగ్గు ఎప్పుడు ఆగింది? తను మూడో తరగతిలో ఉండగా ఉంది. ముందు పళ్ళు ఊడినప్పుడు ఉంది, పన్ను చూపించమని అడిగింది ఆయనే కదా. బుల్లోడు ఆయన కుర్చీ ఎక్కి కూర్చుని, గుప్పెడంత మనిషి, కాలు మీద కాలేసుకుని అచ్చం ఆయనలాగే దగ్గితే, నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, ఇంటాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు మరి. అయితే బుల్లోడు ఉన్నప్పుడు ఇంటాయన ఉన్నాడు. బుల్లోడు పోయాక ఇంటాయన, ఇంటాయన కుర్చీ, ఆ దగ్గు, అక్కడికి రాగానే మనసు పక్కకి తప్పుకుంటుంది, ఎప్పుడూ అంతే, చీకటి గదిలోకి కాలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నట్టు, ఆ ఇంట్లో ముగ్గురికీ అదే అలవాటు, ఆ పేరు దాకా వచ్చిన మాట ఇంకో దారిన పోతుంది. నాన్న పోయేదాకా ఎత్తలేదు. అమ్మ ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. తన తమ్ముడు. మూడేళ్ళవాడు.

"అయ్యో, చొక్కాకి! చొక్కాకి తుడవకు!"

ఉలిక్కిపడింది. పక్క గదిలోంచి ఓ జంట నవ్వుకుంటూ బయటికొచ్చారు, ఇద్దరి బొటనవేళ్ళకీ నల్లటి సిరా. ఏదో ఫ్లాటు కొనుక్కున్నట్టున్నారు, చేతిలో కొత్త ఫైలు, తుడుచుకోవడానికి గుడ్డ లేక చేతులు గాల్లో పెట్టుకుని నడుస్తున్నారు. ఆ అమ్మాయి ఆగి అతని మొహం వంక చూసి, ఉండు, నీ మీద కూడా ముద్ర వేస్తాను, ఇక నువ్వూ నా ఆస్తే అంటూ బొటనవేలు తీసుకెళ్ళి అతని నుదుటి మీద పెట్టింది. అతను తప్పించుకోబోయాడు. కానీ పడింది, నుదుటి మధ్య కాస్త పక్కగా, కోలగా, నల్లగా, అంచులు చెదిరి.

బల్ల చెక్కని రెండు చేతులా పట్టుకుంది ఆమె. ఆ మచ్చ తనకి తెలుసు. అదే చోట, అదే ఆకారం. పొద్దున్న లేచేసరికి ముందు గదిలో చాప మీద బుల్లోణ్ణి పడుకోబెట్టారు, వీధి వీధంతా గుమ్మంలో ఉంది, అందరి కాళ్ళ మధ్యనుంచి దూరి చూస్తే వాడి నుదుటి మీద నల్లటి మచ్చ. జబ్బు బయటికొచ్చింది అనుకుంది తను. చావంటే లోపలినుంచి నల్లగా పైకి వచ్చేదని, మొదట నుదుటి మీద కనిపిస్తుందని అనుకుంది, ఎవరితోనూ అనలేదు, చాలా ఏళ్ళు పొద్దున్నే లేచి అద్దంలో ముందు నుదురే చూసుకునేది, సబ్బు పెట్టి తోమి తోమి చర్మం ఎర్రబడితే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది, ఏమిటే ఇది అనేది, చెప్పలేదు. మచ్చ కాదు. సిరా. నాన్న చేతులకైతే సిరా అయినా కనపడదు, బస్సు డిపోలో మెకానిక్కు, గోళ్ళ కింద ఏనాడూ తెల్లదనం చూడలేదు, అందుకే బుల్లోణ్ణి ముట్టుకునే ముందు సబ్బుపొడితో మోచేతుల దాకా కడుక్కునేవాడు. అమ్మ చేతులు శుభ్రం. ఆ సాయంత్రం అమ్మ చేతికే ఉంది, బొటనవేలికి. ఇద్దరూ ఎక్కడికో వెళ్ళి వచ్చారు, ఎక్కడికో కాదు, ఇక్కడికి, ఈ బల్ల మీదే కూర్చుని ఉంటారు, ఇంటాయన ఆ సాయంత్రం బండికే ఊరు విడిచి వెళ్ళిపోతున్నాడు, ఇవాళ కాకపోతే పక్క దుకాణం వాడికి అమ్మేస్తానన్నాడు, నాన్న ఆ మాట పదిసార్లు అన్నాడు, ఇవాళ కాకపోతే, ఇవాళ కాకపోతే. బుల్లోడికి జ్వరం, పొద్దున్నకి కాస్త తగ్గింది, డాక్టరు కూడా తగ్గుతుందనే అన్నాడు, తమ్ముణ్ణి చూస్తూ ఉండు, పక్కింటి పిన్నిగారు మధ్యమధ్యలో వస్తారు, తడిగుడ్డ మారుస్తూ ఉండు. ఉంది. మార్చింది. సాయంత్రం అమ్మ గుమ్మంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, చెయ్యైనా కడుక్కోకుండా వాడి నుదురు పట్టుకు చూసింది. అంతలోనే వాడి కళ్ళు పైకి తేలాయి. తెల్లారేసరికి లేడు. ఇల్లు వచ్చింది, వాడు పోయాడు, ఒకదాని గురించి అడిగితే ఇంకోటి వస్తుందని ఆ ఇంట్లో రెండూ మాట్లాడుకోలేదు. అందుకనా ఎర్ర గీత గీసి పోయిన రోజు సాయంత్రమే, మోకాళ్ళ నొప్పితో వంటింటిదాకా పోవడానికే మూలిగే మనిషి, మంచం ముందు గదిలో వేయించుకుంది? మొండితనం అనుకుంది తను, కూలగొట్టేవాళ్ళకి అడ్డం పడుకోవడానికి అనుకుంది, ఇంట్లో ఇంకో చోటే లేనట్టు అని విసుక్కుంది కూడా.

ఏ రోజో తెలిసింది. తారీఖు తెలియదు. వాడు పోయిన తారీఖు తనకి తెలియదు, సొంత తమ్ముడు, తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే. ఫోను చేతిలో ఉంది. నొక్కితే చాలు. ఇన్నేళ్ళుగా నొక్కనిది. గడియారం వంక చూసింది. లోపల ఎవరో బీరువాలకి తాళాలు వేయడం మొదలుపెట్టారు. నొక్కింది.

"ఆ, చెప్పు," అంది అమ్మ.

"అమ్మా, ఒకటి చెప్తాను, కోప్పడకు."

"కోప్పడే పని చేసే ఉంటావు. చెప్పు."

"కాగితాలు జిరాక్సుకివ్వలేదు. చెదలు తినేశాయి."

"తెలుసు."

"తెలుసా?"

"పెట్టె దించింది నువ్వయితే కింద ఊడ్చింది నేను. చెదల మట్టి నాకు తెలీదా?"

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని," అంది అమ్మ. అవతల వీధిలో ఏదో బండి పోయిన చప్పుడు, ముందు గది కిటికీలోంచి వినిపించే చప్పుడు.

"అమ్మా, ఇక్కడ తారీఖు కావాలంటున్నారు. అది లేకపోతే వెతకలేరట. మనిల్లు రిజిస్టరైంది... బుల్లోడు పోయిన ముందు రోజేనా?"

పేరు అనేసింది. పైకప్పు ఏమీ కూలలేదు. ఆ జంట నవ్వుకుంటూ మెట్లు దిగుతున్నారు, గుమస్తా ఎవరికో రసీదు చింపి ఇస్తున్నాడు, ఫోనులో మాత్రం మనిషి ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం, అమ్మా అని పిలవడానికి కూడా భయమేసింది, పెట్టేసిందేమో, పడిపోయిందేమో, గుండె పట్టుకుందేమో, ఇల్లు కాపాడుకుందామని ఉన్న ఒక్క మనిషినీ తనే పోగొట్టుకుందేమో.

అప్పుడు అమ్మ చెప్పింది. తారీఖు, నెల, ఏడు. వెతుక్కోలేదు, తడుముకోలేదు, నిన్న ఎవరో అడిగితే చెప్పి మళ్ళీ ఇవాళ చెప్తున్నట్టు చెప్పింది. "మంగళవారం," అంది. "పొద్దున్నుంచీ ముసురు పట్టింది."

ఆమె అరచేతిలో రాసుకుంది, దరఖాస్తు మీద రాయాలని తోచలేదు. రాసుకుంటుంటే అమ్మ గొంతు మళ్ళీ వచ్చింది, అమ్మ గొంతులా లేదు, ఎవరో చిన్నపిల్ల అడిగినట్టుంది.

"ఏమే. మేం వెళ్ళాక వాడు ఏడ్చాడా?"

లేదమ్మా, నిద్రపోయాడు. ఆ జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎనిమిదేళ్ళ వయసు నుంచి, ఎవరైనా అడిగితే చెప్దామని సిద్ధం చేసి పెట్టుకున్నది, ఎవరూ అడగలేదు. "లేదమ్మా, నిద్ర..."

"నాకు అబద్ధం చెప్పకు."

"ఏడ్చాడు." కళ్ళు మూసుకుంది. "కిటికీ దగ్గరికి ఎత్తుకోమన్నాడు. ఎత్తుకున్నాను. బరువున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. నువ్వు కనపడినంతసేపూ చూస్తానన్నాడు. నిన్నే పిలిచాడు."

"వినపడింది," అంది అమ్మ. "వీధి మలుపు దాకా వినపడింది. మీ నాన్న వెనక్కి పోదామన్నాడు, ఇల్లు పోతే పోయిందన్నాడు. నేనే. పద పద అన్నాను. ఇవాళ కాకపోతే మళ్ళీ రాదన్నాను."

"అమ్మా, అది కాదు..."

"మేడమ్," కిటికీ దగ్గరినుంచి గుమస్తా. "ఏమైనా గుర్తొచ్చిందా? సార్ సర్దుకుంటున్నారు."

"వెళ్ళు," అంది అమ్మ. "ముందు ఆ పని చూడు." పెట్టేసింది.

అరచెయ్యి అద్దానికి ఆనించి చూపించింది ఆమె. గుమస్తా కళ్ళజోడు దించుకుని చదివి లోపలికి వెళ్ళాడు. వెళ్ళి ఎంతకీ రాడు. ఇనప నిచ్చెన జరిపిన చప్పుడు, దేన్నో దబ్బుమని పడేసిన చప్పుడు, దగ్గు, ఆ పుస్తకాల్ని మాత్రం చెదలు వదిలాయని ఏముంది, ఆ ఒక్క పేజీ తడిసి అతుక్కుపోయి ఉంటే, అమ్మ నోటినుంచి ఆ రోజుని లాగి లాగి బయటపెట్టించి, ఇప్పుడు లేదమ్మా అంటే, ఇల్లూ పోయి, దాచుకున్న బాధా వీధిన పడి, రేపు తను అమ్మ మొహం ఎలా చూస్తుంది, ఎక్కడ కూర్చోబెట్టి చూస్తుంది. పళ్ళు బిగపట్టింది. ఏ దేవుణ్ణీ తలవాలని కూడా తోచలేదు, వాడినే తలిచింది, ఒరేయ్ బుల్లోడా, ఒరేయ్.

గుమస్తా పెద్ద పుస్తకం ఒకటి రొమ్ముకి హత్తుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టి వేలు తడి చేసుకోకుండా, పేజీ చివరలు పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు, అంచులు కాఫీరంగులోకి తిరిగి ఉన్నాయి, ఒకచోట ఆగాడు. అమ్మ చెప్పిన తారీఖుని పైకి చదివాడు. మామూలుగా, బస్సు నంబరు చదివినట్టు. ఆ తర్వాత నాన్న పేరు, అమ్మ పేరు, ఇంటికి నాలుగు వైపులా ఏమేం ఉన్నాయో. ఆమెకి తారీఖు దగ్గరే చెవులు ఆగిపోయాయి. ఇంట్లో ఎవరి నోటా రాని రోజు అన్నాళ్ళూ ఇక్కడ, ఈ గదిలో, అమ్మకాలకీ తాకట్లకీ మధ్య ఊరికే పడి ఉందన్నమాట, అడిగితే ఎవరికైనా చదివి చెప్పేట్టు.

"ఇదేనా అమ్మా?"

"ఇదేనండీ."

పేజీ నకలు తీశారు, ముద్ర వేశారు, సబ్ రిజిస్ట్రారు భుజాన సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడే సంతకం పెట్టాడు. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ఆమె మెట్లు దిగలేదు, పడింది, లేచింది, చెప్పు తెగితే రెండో చెప్పు కూడా చేతిలో పట్టుకుని వీధి దాటింది, ఎదురు భవనంలో రోడ్డు ఆఫీసు షట్టరు సగం దించి ఉంది, వంగి లోపలికి దూరితే, అక్కడి ఉద్యోగి టిఫిన్ డబ్బా సంచిలో పెడుతున్నవాడు ఆమె కాళ్ళ వంకా, చేతిలో కాగితం వంకా చూసి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు. పటం తీసి వీధి మీద వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చి ఓ చోట ఆపాడు.

"సరిపోయింది. మీది ఆక్రమణ కాదు. గీత దాకానే కొడతారు."

"అంటే?"

"ముందు గది పోతుంది. వెనక ఇల్లంతా మీదే. సోమవారం నుంచి మొదలుపెడతారు, ఈలోగా ఆ గదిలో సామాను తీసేసుకోండి."

ముందు గది. గెలిచినందుకు గుండె ఎగరాలి. ఎగరలేదు. బయటికొచ్చి, ఉట్టి కాళ్ళతో ఫుట్‌పాత్ మీద నిలబడి, పోయేవాళ్ళు తప్పుకుని పోతుంటే, ఫోను చేసింది.

"అమ్మా, తీసుకున్నారు. ఇల్లు మనదే."

"ముందు గది?"

"గీత దాకా కొడతారట."

"ఎప్పటినుంచి కొడతారట?"

"సోమవారం."

"సరే," అంది అమ్మ. "అయితే తొందరగా వచ్చెయ్."

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళాక వాడు ఇంకేం అన్నాడో, ఏం అడిగాడో, నువ్వేం చెప్పావో, అంతా చెప్పు. ఒక్కటీ దాచకు." ఊపిరి తీసుకుంది. "ఆ గది ఉండగానే చెప్పాలే."